తాబేలుకు తెరుచుకున్న తలుపు కార్మికుడికి ఎందుకు తెరుచుకోలేదు?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలు దేశాల పర్యావరణ చట్టాలను, కార్మిక చట్టాలను నిజంగానే అడ్డుకుంటాయా? పసిపిల్లల చేత కుట్టించిన చొక్కాను ఒక దేశం తన రేవులో ఆపేయగలదా? స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాల్లో చేరుస్తున్న కార్మిక అధ్యాయాల వల్ల ఏ కార్మికుడికైనా ఒరిగింది ఏమైనా ఉందా? ఇరవై ఏళ్లకు పైగా నేను వాణిజ్య వివాదాల్లోనే పనిచేశాను, మొదట ప్రభుత్వాల తరఫున, తర్వాత కార్మిక సంఘాల తరఫున. మూడింటికీ విడివిడిగా జవాబు చెప్పడం కంటే వాటిని కలిపే కథ చెబితే మీకు ఎక్కువ ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వాణిజ్య చట్టం పర్యావరణ రక్షణను నిషేధించదు, కార్మికుల రక్షణనూ నిషేధించదు. ఈ నియమాన్ని అందరికీ ఒకేలా వర్తింపజేస్తున్నావా, లేక రక్షణ పేరు చెప్పి నీ దేశపు వ్యాపారిని కాపాడుకుంటున్నావా అని మాత్రం గట్టిగా అడుగుతుంది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకొని నెగ్గేందుకు పర్యావరణానికి మూల ఒప్పందంలోనే ఒక తలుపు పెట్టారు. కార్మికుడికి పెట్టలేదు. అందువల్ల కార్మికుడు పక్కదారులు వెతుక్కోవలసి వచ్చింది. ఆ పక్కదారుల్లో ఫిర్యాదు చేసే హక్కు ఎవరిది, ఏమి రుజువు చేయాలి, ఎన్ని రోజుల్లో తేలాలి అన్న విషయాల దగ్గరే అతని గతి తేలిపోతుంది.

ఆ మూల ఒప్పందం గాట్, అంటే సుంకాలు, వాణిజ్యాలపై సాధారణ ఒప్పందం. 1947లో 23 దేశాలు జెనీవాలో సంతకం చేసిన దాని సారాంశం కష్టమైనదేమీ కాదు. ఒక సభ్య దేశానికి ఇచ్చిన రాయితీని మిగతా సభ్యులందరికీ ఇవ్వాలి. సుంకం కట్టి లోపలికి వచ్చిన విదేశీ సరుకును స్వదేశీ సరుకుతో సమానంగా చూడాలి. దిగుమతులపై నిషేధాలు, కోటాలు పెట్టకూడదు. వీటికి మినహాయింపులు 20వ అధికరణంలో ఉన్నాయి. మనుషుల, జంతువుల, మొక్కల ప్రాణానికీ ఆరోగ్యానికీ అవసరమైన చర్యలను ఒక క్లాజు కాపాడుతుంది. తరిగిపోయే సహజ వనరుల పరిరక్షణను మరొకటి కాపాడుతుంది. శ్రమకు సంబంధించి ఆ జాబితాలో నేరుగా దొరికేది ఒకటే: జైళ్లలో ఖైదీల చేత చేయించిన సరుకు. దాని వెనుక కూడా ప్రధానంగా ఉన్నది చౌక జైలు సరుకు వచ్చిపడి బయటి పరిశ్రమను ముంచుతుందన్న భయమే.

ఈ మినహాయింపులు పొందాలంటే ఇంకో గడప దాటాలి. 20వ అధికరణం మొదట్లో ఒక వాక్యం ఉంది. దాన్ని మా వృత్తిలో ‘షాపో’ అంటాం, ఫ్రెంచిలో టోపీ అని అర్థం. మీ చర్య ఎంత మంచిదైనా, దాన్ని దేశాల మధ్య అకారణ వివక్షగా అమలు చేసినా, వాణిజ్యానికి ముసుగు వేసిన అడ్డంకిగా వాడినా మినహాయింపు దక్కదని ఆ వాక్యం చెబుతుంది. గత ముప్ఫై ఏళ్ల పర్యావరణ వివాదాల్లో చాలా భాగం ఈ టోపీ దగ్గరే గెలిచాయి, ఇక్కడే ఓడాయి.

1991 నాటి టూనా వివాదం వల్లనే వాణిజ్య చట్టానికి పర్యావరణ వ్యతిరేకి అన్న పేరు వచ్చింది. తూర్పు పసిఫిక్‌లో టూనా గుంపుల పైన డాల్ఫిన్లు ఈదుతుంటాయి. వాటిని ఆనవాలుగా పట్టుకుని చుట్టూ వల దింపితే టూనాతో పాటు డాల్ఫిన్లూ చిక్కి చనిపోతాయి. అలా పట్టిన మెక్సికో టూనాను అమెరికా ఆపింది, మెక్సికో ఫిర్యాదు చేసింది. చేపను ఎలా పట్టారన్నది డబ్బాలోని చేపను మార్చదు కాబట్టి పట్టిన తీరును బట్టి ఆపడం కుదరదని వివాదం విన్న నిపుణుల ప్యానెల్ తేల్చింది. ఆ నివేదికను సభ్య దేశాలు ఆమోదించలేదు కనుక దానికి చట్టబద్ధత రాలేదు. కానీ సరుకును చూడాలే తప్ప అది తయారైన తీరును చూడకూడదన్న వాదం మాత్రం బతికి పోయింది. ఆ లెక్కన పిల్లలు కుట్టినా పెద్దలు కుట్టినా చొక్కా చొక్కాయే.

ఆ వాదం బిగువు సడలింది 1998లో, రొయ్యల కేసులో. ఈ ఒక్క కేసును శ్రద్ధగా చదివితే సగం విషయం అర్థమవుతుంది కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. రొయ్యల వలలో చిక్కుకున్న సముద్రపు తాబేలు నీటిపైకి వచ్చి ఊపిరి తీసుకోలేక చనిపోతుంది. దీనికి విరుగుడుగా వల మెడ భాగంలో ఏటవాలుగా ఒక ఊచల చట్రం బిగిస్తారు. ఒక రేవులో దాన్ని చేతుల్లోకి తీసుకుని చూశాను. ఊచల మధ్య అరచేయి దూరేంత సందు ఉంటుంది. రొయ్యలు ఆ సందుల్లోంచి వల కొసకు వెళ్లిపోతాయి. తాబేలు చట్రానికి తగిలి, ఏటవాలు వెంట జారి, అక్కడ కత్తిరించి ఉంచిన మూతను తోసుకుని బయటపడుతుంది. అంత చిన్న పనిముట్టు.

ఆ చట్రం వాడని దేశాల రొయ్యలను అమెరికా నిషేధించింది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ ఫిర్యాదు చేశాయి. ‘తరిగిపోయే సహజ వనరులు’ అంటే 1947లో ఖనిజాల్లాంటివే మనసులో ఉన్నాయి, ప్రాణులు ఆ మాట కిందికి రావని వాదించాయి. ప్యానెల్ నివేదికలపై అప్పీళ్లు వినే అప్పిలేట్ బాడీ ఒప్పుకోలేదు. ఆ మాటకు అర్థం ఈనాటి పర్యావరణ స్పృహతో చూడాలని, 1994లో కుదిరి 1995 జనవరి 1న అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం తన పీఠికలోనే సుస్థిర అభివృద్ధి గురించి చెప్పిందని గుర్తు చేసింది. ఆ విధంగా తాబేలుకు తలుపు తెరుచుకుంది. వల వేసిన తీరును బట్టి రొయ్యను ఆపడం దానంతట అదే తప్పు కాదని తేలింది.

అయినా ఆ విడతలో అమెరికా ఓడింది, టోపీ దగ్గర. కరీబియన్, పశ్చిమ అట్లాంటిక్ దేశాలకు చట్రాలు అమర్చుకోవడానికి మూడేళ్లు ఇచ్చి, ఆసియా దేశాలకు నాలుగు నెలలే ఇచ్చింది. వాళ్లతో కూర్చుని ఒప్పందం కోసం మాట్లాడింది, వీళ్లతో ఆ స్థాయిలో మాట్లాడలేదు. నన్ను అన్నిటికంటే కదిలించిన వివరం ఇంకొకటి ఉంది. ఒక పడవ చట్రం బిగించి తాబేలుకు ఏ హానీ చేయకుండా రొయ్యలు పట్టినా, ఆ పడవది అమెరికా ధ్రువీకరణ లేని దేశమైతే ఆ రొయ్యలనూ వెనక్కి పంపారు. తాబేలు బతికింది, జాలరి మాత్రం నష్టపోయాడు. అది తాబేలు కోసం చేసిన చట్టమని అప్పుడు ఎలా నమ్మడం? తర్వాత అమెరికా మార్గదర్శకాలను సవరించింది, ఆసియా దేశాలతో చిత్తశుద్ధితో చర్చలు మొదలుపెట్టింది. 2001లో మలేసియా మళ్లీ సవాలు చేస్తే ఈసారి అమెరికాయే నెగ్గింది. నిషేధం మాత్రం అదే. దాన్ని అమలు చేసిన తీరు మారింది, అంతే.

మిగతా కేసులూ ఇదే దారిలో నడిచాయి. ఆస్బెస్టాస్‌ను ఫ్రాన్స్ నిషేధిస్తే కెనడా సవాలు చేసి 2001లో ఓడిపోయింది. క్యాన్సర్ తెచ్చే పీచునూ తేని పీచునూ ఒకే రకం సరుకుగా చూడనక్కర్లేదని తీర్పు వచ్చింది. పాత టైర్ల కుప్పల్లో నీళ్లు నిలిచి దోమలు పెరుగుతున్నాయని, డెంగీ వ్యాపిస్తోందని బ్రెజిల్ మళ్లీ తొడుగు వేసిన టైర్ల దిగుమతిని ఆపింది. కారణం న్యాయమైనదేనని 2007లో తేలినా, మెర్కోసుర్ అనే వాణిజ్య కూటమిలోని పొరుగు దేశాల టైర్లను లోపలికి రానిచ్చినందుకు బ్రెజిల్ ఓడింది. దోమకు టైరు ఏ దేశానిదో తెలియదు కదా! సౌర విద్యుత్తుకు ప్రోత్సాహం ఇవ్వవచ్చు గానీ స్వదేశీ పరికరాలే వాడాలన్న షరతు పెట్టకూడదని 2013లో కెనడాకు, 2016లో భారత్‌కు చెప్పారు. 2019లో ఇలాంటి రాష్ట్ర స్థాయి పథకాల మీదే భారత్ ఫిర్యాదు చేసి అమెరికాపై ప్యానెల్‌లో గెలిచింది.

ఇక కార్మికుడి సంగతి. మొదట అతన్ని మరిచిపోలేదు. ఒక అంతర్జాతీయ వాణిజ్య సంస్థను నెలకొల్పేందుకు రాసిన 1948 నాటి హవానా చార్టర్ ఏడవ అధికరణం, అన్యాయమైన పని పరిస్థితులు, ముఖ్యంగా ఎగుమతి కోసం చేసే ఉత్పత్తిలో, అంతర్జాతీయ వాణిజ్యానికి చిక్కులు తెస్తాయని స్పష్టంగా ఒప్పుకుంది. ఆ చార్టర్‌ను అమెరికా కాంగ్రెస్ ఆమోదించకపోవడంతో అది పురిట్లోనే పోయింది. తాత్కాలికమనుకున్న గాట్ ఒక్కటీ మిగిలింది, కార్మికుల అధికరణం చార్టర్‌తో పాటే పోయింది. 1996లో సింగపూర్ మంత్రుల సమావేశం మౌలిక కార్మిక ప్రమాణాలకు కట్టుబడి ఉంటామని చెబుతూనే, వాటిని చూసుకోవలసింది అంతర్జాతీయ కార్మిక సంస్థ అని, తక్కువ వేతనాల వల్ల వర్ధమాన దేశాలకు ఉన్న అనుకూలతను ప్రశ్నించకూడదని ప్రకటించింది. 1999లో సియాటిల్ మంత్రుల సమావేశంలో, కార్మిక ప్రమాణాలు పాటించని దేశాలపై ఆంక్షల మాట మళ్లీ వినిపించింది, ఆ సమావేశం విఫలమైన కారణాల్లో అదీ ఒకటి.

ఈ విషయంలో వర్ధమాన దేశాలను కార్మిక ద్రోహులుగా చిత్రించడం నాకు నచ్చదు. వాళ్ల భయానికి కారణం ఉంది. 1974 నుంచి 2004 చివరి వరకు సంపన్న దేశాలు బహుళ తంతు ఒప్పందం, దాని కొనసాగింపు కింద వాళ్ల దుస్తుల మీద కోటాలు పెట్టాయి. కోటా పోతున్న వేళ కార్మిక నిబంధన వస్తానంటే, తలుపు వేసి కిటికీ తెరిచినట్టు అనిపించడం సహజం. అయితే ఆ భయాన్ని అడ్డుపెట్టుకుని సంఘాలను అణచిన ప్రభుత్వాలూ ఉన్నాయి. మౌలిక ప్రమాణాలంటే సంఘం పెట్టుకునే హక్కు, సమష్టి బేరసారాల హక్కు, వెట్టిచాకిరీ, బాల కార్మికత, వివక్ష లేకపోవడం, 2022లో చేర్చిన సురక్షిత పని వాతావరణం. ఇవేవీ వేతనం ఎంత ఉండాలో నిర్ణయించవు. ఇవి ఉంటే పేద దేశం పోటీలో వెనకబడుతుందన్న వాదనను నేను ఒప్పుకోను.

ఇప్పుడు మీ చొక్కా. ఆపడానికి సూటి క్లాజు లేదు. మిగిలిన దారి ‘ప్రజా నైతికత’ అన్న మినహాయింపు. సీలు చర్మాల వ్యాపారాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించినప్పుడు, జంతువు పట్ల క్రూరత్వం గురించి ప్రజలకున్న నైతిక ఆందోళన ఈ మినహాయింపు కిందికి వస్తుందని 2014లో అప్పిలేట్ బాడీ అంగీకరించింది. సీలు బాధ ప్రజా నైతికత అయితే బిడ్డ బాధ కాదా? అవుతుందనే నేను వాదిస్తాను. కానీ ఇంతవరకు ఏ ప్యానెలూ దీన్ని తేల్చలేదు. ఈలోగా దేశాలు తమ దారిన తాము వెళ్తున్నాయి. 2022 జూన్ నుంచి అమల్లో ఉన్న అమెరికా చట్టం, చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతపు సరుకు ఏదైనా వెట్టిచాకిరీతో తయారైనదేనని ముందుగానే భావిస్తుంది. కాదని రుజువు చేసుకునే భారం దిగుమతిదారుది. యూరోపియన్ యూనియన్ కూడా వెట్టిచాకిరీ సరుకుపై 2024లో నిబంధన చేసింది.

మీ మూడో ప్రశ్నకు రెండు కథలు చెబుతాను. ఒకటి గ్వాటెమాలాది. మధ్య అమెరికా దేశాలతో అమెరికాకు ఉన్న ఒప్పందంలో, సొంత కార్మిక చట్టాలను అమలు చేయకుండా ‘వాణిజ్యంపై ప్రభావం పడే రీతిలో’ నిరంతరంగానో పదేపదేనో వదిలేయకూడదని రాశారు. 2008లో సంఘాలు ఫిర్యాదు చేశాయి. 2017లో నివేదిక వచ్చింది, తొమ్మిదేళ్లకు! ఎనిమిది పని ప్రదేశాల్లో 74 మంది కార్మికుల విషయంలో కోర్టు ఉత్తర్వులను అమలు చేయించడంలో గ్వాటెమాలా విఫలమైందని ప్యానెల్ ఒప్పుకుంది. సంఘంలో చేరినందుకు తొలగించిన వాళ్లను తిరిగి పనిలోకి తీసుకోవాలని, బకాయి జీతాలు చెల్లించాలని కోర్టు చెప్పింది. ఉత్తర్వు వాళ్ల చేతిలో ఉంది, ఉద్యోగం లేదు. అయినా ప్యానెల్ గ్వాటెమాలా పక్షానే తీర్పు చెప్పింది. దానివల్ల యజమానులకు పోటీలో లాభం కలిగిందని, అంటే వాణిజ్యంపై ప్రభావం పడిందని, సరిపడా రుజువు కాలేదన్నది కారణం.

ఆ రుజువు ఎంత కష్టమో నాకు స్వయంగా తెలుసు. ఇలాంటి ఒక ఫిర్యాదు తయారు చేస్తున్నప్పుడు మా బల్ల మీద తొలగింపు నోటీసులు ఉన్నాయి, జీతం చీటీలు ఉన్నాయి, సాక్షుల వాంగ్మూలాలు ఉన్నాయి. లేనివల్లా యజమాని ఖర్చుల పుస్తకాలు. సంఘాన్ని అణచడం వల్ల ఒక్కో వస్తువు మీద ఎంత మిగిలిందో చూపించాలంటే అవే కావాలి, అవి అతని బీరువాలో ఉంటాయి. తనకు జరిగిన అన్యాయాన్ని కార్మికుడు చెప్పగలడు. ఆ అన్యాయం ఎగుమతి ధరలో ఎంతగా ప్రతిఫలించిందో అతనెలా చెబుతాడు?

రెండో కథ మెక్సికోలోని సిలావో పట్టణానిది. అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య ఉన్న నాఫ్టా అనే వాణిజ్య ఒప్పందం స్థానంలో 2020 జూలై 1న వచ్చిన కొత్త ఒప్పందంలో సత్వర స్పందన పద్ధతి ఒకటి పెట్టారు. ఫిర్యాదు ఒక దేశం మొత్తం మీద అక్కర్లేదు, ఒక్క కర్మాగారం మీద చేయవచ్చు. గడువులు నెలల్లో, వారాల్లో ఉంటాయి. సిలావోలోని జనరల్ మోటార్స్ కర్మాగారంలో 2021 ఏప్రిల్‌లో వేతన ఒప్పందంపై ఓటింగ్ జరుగుతుండగా పాత సంఘం ఆధీనంలో ఉన్న బ్యాలెట్లు ధ్వంసమైనట్టు బయటపడింది. మే నెలలో అమెరికా సమీక్ష కోరింది. ఆగస్టులో మళ్లీ ఓటింగ్ పెడితే కార్మికులు ఆ ఒప్పందాన్ని తిరస్కరించారు. 2022 ఫిబ్రవరిలో సింటియా అనే కొత్త స్వతంత్ర సంఘాన్ని భారీ ఆధిక్యంతో ఎన్నుకున్నారు, ఆ ఏడాదే అది వేతనాల పెంపు సాధించింది. తొమ్మిదేళ్లలో జరగనిది ఇక్కడ ఏడాదిలో జరిగింది.

ఈ పద్ధతిలోనూ నాకు అసంతృప్తి ఉంది. అమెరికా కర్మాగారాలపై మెక్సికో ఇదే పద్ధతి వాడాలంటే, ఆ కర్మాగారంపై అక్కడి కార్మిక సంబంధాల బోర్డు ఉత్తర్వు ముందే అమల్లో ఉండాలి. అంటే ఆచరణలో చూపు ఒకవైపే సాగుతుంది. సింగపూర్‌లో వర్ధమాన దేశాలు భయపడింది సరిగ్గా ఇలాంటి అసమానతకే.

శిక్ష ఎక్కడ పడుతుందో కూడా చూడాలి. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సావర్‌లో రానా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయాక, జూన్‌లో అమెరికా ఆ దేశానికి సుంకాల రాయితీని ఆపేసింది. కానీ ఆ రాయితీ పథకం దుస్తులకు దాదాపు వర్తించదు. చనిపోయినవాళ్లు దుస్తుల కార్మికులు, దెబ్బ పడింది వేరే సరుకుల మీద. నిజంగా పనిచేసింది బ్రాండ్లకూ కార్మిక సంఘాలకూ మధ్య కర్మాగారాల భద్రత కోసం కుదిరిన ‘అకార్డ్’. అది ఆర్బిట్రేషన్‌కు, అంటే మధ్యవర్తుల తీర్పుకు, వెళ్లి అమలు చేయించుకోగల ఒప్పందం, దాని కింద 1,600కు పైగా కర్మాగారాలను తనిఖీ చేశారు. అంతకుముందు 1999లో కంబోడియాతో అమెరికా ఇంకో దారి పట్టింది. పని పరిస్థితులు మెరుగుపడిన కొద్దీ దుస్తుల కోటా పెంచింది, తనిఖీ బాధ్యతను అంతర్జాతీయ కార్మిక సంస్థ తీసుకుంది. శిక్ష కంటే ఆశ చూపడం మేలని నేను నమ్మడానికి ఇదే ఆధారం. 2005 జనవరి 1న కోటాలు రద్దయ్యాక చూపడానికి ఆ ఆశ మిగల్లేదు.

మీరు అడగలేదు గానీ పెట్టుబడి ఒప్పందాలను వదిలేస్తే జవాబు సగమే అవుతుంది. ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేయగలిగేది ప్రభుత్వాలే. పెట్టుబడి ఒప్పందాల్లో కంపెనీయే నేరుగా దేశాన్ని ఆర్బిట్రేషన్‌కు లాగవచ్చు. మెక్సికోలో ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే కేంద్రానికి స్థానిక పురపాలక సంఘం అనుమతి నిరాకరిస్తే, మెటల్‌క్లాడ్ అనే అమెరికా కంపెనీ నాఫ్టా కింద కేసు వేసి 2000లో 1.6 కోట్ల డాలర్లకు పైగా పరిహారం గెలిచింది. ఆ కంపెనీకి ఉన్న ఆ హక్కు పైన చెప్పిన 74 మందిలో ఒక్కరికీ లేదు. వాణిజ్య చట్టం పక్షపాతి అని ఎవరైనా అంటే నేను చూపించే మొదటి ఆధారం ఇదే.

ఈనాటి పెద్ద పరీక్ష యూరోపియన్ యూనియన్ కర్బన సుంకం. సిమెంటు, ఉక్కు, అల్యూమినియం, ఎరువులు, విద్యుత్తు, హైడ్రోజన్ దిగుమతులకు 2023 అక్టోబరు నుంచి ఉద్గారాల లెక్కలు అడిగారు, 2026 జనవరి 1 నుంచి ధర చెల్లించే బాధ్యత మొదలైంది. రొయ్యల కేసు చదివినవారికి ఇక్కడ ఏమి అడగాలో తెలుస్తుంది. పేద దేశాల ఉత్పత్తిదారులకు తగినంత సమయం ఇచ్చారా? వాళ్లతో చర్చించారా? శుద్ధంగా తయారైన ఉక్కును, అది వచ్చిన దేశాన్ని బట్టి కాక దాని సొంత లెక్కను బట్టి చూస్తున్నారా? లెక్కలు చూపలేని చిన్న కర్మాగారం మీద అంచనా విలువలు మోపితే అది చట్రం బిగించిన పడవను వెనక్కి పంపినట్టే అవుతుంది. వసూలైన సొమ్ములో కొంత ఆ దేశాల్లో శుద్ధ సాంకేతికతకు ఖర్చుపెడితే యూరప్ వాదన న్యాయపరంగానూ బలపడుతుంది. తుది తీర్పు ఇవ్వవలసిన అప్పిలేట్ బాడీ, కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు. ఓడిన దేశం అప్పీలు చేస్తే ఆ కేసు గాలిలో నిలిచిపోతుంది.

మీరు ఈ విషయం మీద సొంతంగా చదవదలచుకుంటే, 2017 నాటి గ్వాటెమాలా నివేదికను, నాఫ్టా స్థానంలో వచ్చిన ఒప్పందంలోని 23వ అధ్యాయాన్ని పక్కపక్కన పెట్టుకోండి. ఆ అధ్యాయం అడుగున ఉన్న చిన్న అక్షరాల వివరణలు తప్పకుండా చదవండి. ఉల్లంఘన జరిగిందంటే అది వాణిజ్యంపై ప్రభావం చూపినట్టేనని, కాదని రుజువు చేసుకునే భారం ఆరోపణ ఎదుర్కొన్న దేశానిదేనని వాటిలో రాశారు. యజమాని బీరువాలోని పుస్తకాలు తెమ్మని ఇక కార్మికుణ్ని అడగనక్కర్లేదు.